తొమ్మిదో గడి

ఆ పేటలో కటింగ్ షాపులు రెండే, అవీ ఎదురెదురుగా. ఒకదాని యజమాని నోరు తెరవడు, రెండోదాని యజమాని నోరు మూయడు. తెరవనివాణ్ణి జనం తాళంకప్ప అంటారు. మూయనివాడు కోతల మామ. రద్దీ అంతా మామ దగ్గరే. జుట్టు గొప్పగా కత్తిరిస్తాడని కాదు, కత్తిరించినంతసేపూ కాలక్షేపమని. ఆయన పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దమనిషికి గడ్డం గీస్తుంటే అందులోంచి రెండు పిచ్చుకలూ, పెద్దమనిషి పోగొట్టుకున్న కళ్లజోడూ బయటపడ్డాయట. కళ్లజోడు తీసుకుని ఊరుకోక, పిచ్చుకలు కూడా తనవేనని కూర్చున్నాడట ఆయన. ఈ కథ వినని తల పేటలో లేదు.

"అక్కడ తల వంచితే సంతాప సభలో కూర్చున్నట్టుంటుంది," అని తాళంకప్ప షాపు వైపు దువ్వెన చూపించేవాడు మామ.

పోయినేడు ఆ పేటలోంచే ముగ్గురు కుర్రాళ్లు ఫోన్లలో వీడియోలు పంపే ఒక గుంపులో చేరి, బస్టాండులో బాంబు పెట్టారు. ఏడుగురు పోయారు. ముగ్గురూ మామ దగ్గర జుట్టు కత్తిరించుకున్నవాళ్లే. ఆ తర్వాత చాలాకాలం ఆయన పిచ్చుకల జోలికి పోలేదు.

సరిగ్గా అప్పుడే ఒక సంస్థ పేటలో గది అద్దెకు తీసుకుని దిగింది. కుర్రాళ్లు అలాంటి దారి పట్టకముందే పేట మనుషులే వాళ్లతో మాట్లాడి మనసు మళ్లించాలని వాళ్ల ఆలోచన. కుర్రాళ్లు మనసు విప్పి ఎవరితో మాట్లాడతారని ఆరా తీస్తే తల్లిదండ్రులూ కాదు, మాస్టార్లూ కాదు, కటింగ్ షాపు మామ అని తేలింది. గది చూసుకునే మేడం స్వయంగా వచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చుని, "మీరు లేకపోతే మాకు ఈ పేటలో తలుపు తెరుచుకోదు బాబాయ్," అంది. బాబాయ్ అన్న పిలుపుకే మామ సగం కరిగిపోయాడు.

నాలుగు శనివారాలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి నేర్పారు. కోపంగా ఉన్నవాడికి నీతులు చెప్పొద్దు, ముందు వినండి అన్నారు. వినడం మామకు కొత్త విద్య. అయినా కష్టపడి నేర్చుకున్నాడు. నురగ పూసిన బుగ్గలు మాట్లాడుతుంటే కత్తి పక్కన పెట్టి వినేవాడు.

అలా మాట్లాడినవాళ్లలో సొంత మేనల్లుడు ఒకడు. చెల్లెలి కొడుకు, రైలు నడిపే ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్నాడు. మొదటిసారి వాడి నెత్తిమీద కత్తెర పెట్టింది మామే, ఇరవై రెండేళ్లుగా పెడుతున్నదీ ఆయనే. ఒకరోజు తనిఖీ దగ్గర పోలీసు ఒకడు, పేట పేరు చెప్పగానే వాణ్ణి జనం ముందు చెంపమీద కొట్టాడు. వాడు అటునుంచి అటే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు మూసుకుని అన్నాడు.

"ఒక్కోసారి ఆ బాంబు పెట్టినవాళ్లు నాకు అర్థమవుతారు మామయ్యా. అర్థమవుతున్నందుకే భయమేస్తోంది."

మామ కత్తి పక్కన పెట్టాడు. వాడి తలమీద చెయ్యి వేసి ఊరుకున్నాడు. ఆయన జీవితంలో ఏమీ అనకుండా గడిపిన పావుగంట బహుశా అదొక్కటే. వాడు లేచి వెళ్లేటప్పుడు మొహం తేటగా ఉంది. ఆ పనికి మార్కులేమీ పడలేదు. మార్కులన్నీ ఫారానికే.

ఫారంలో పది గడులు. ఒంటరిగా ఉంటాడా, కోపం ఎంత, ఇలాంటివి. ఒక్కో గడికి ఐదు మార్కులు, పక్కన ఒక ఉదాహరణ రాయాలి. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ ప్రమాదమన్నమాట. కుర్రాడితో మాటలు మొదలుపెట్టినప్పుడు ఒకసారి, ఆర్నెల్లకు ఇంకోసారి నింపాలి. ఎంత తగ్గితే అంత మంచి పని జరిగినట్టు.

మామ మేనల్లుడికి పద్నాలుగు వేసి తీసుకెళ్లాడు. మేడం చూసి పెదవి విరిచింది.

"పద్నాలుగులోంచి ఇంకేం తగ్గుతుంది బాబాయ్? ఇక్కడ మా అవసరమే లేదని పైవాళ్లు గది మూసేస్తారు. మళ్లీ ఇంకో ముగ్గురు వెళ్లిపోతే? మొదటి ఫారం కాస్త గట్టిగా వెయ్యండి."

"మరి వాడి పేరు..."

"పేర్లు నా బీరువా దాటవు. పైకి వెళ్లేవి అంకెలే." సంచికి వేలాడుతున్న తాళంచెవి ఆడించి చూపించింది.

కాస్త గట్టిగా వెయ్యమని కోతల మామకు చెప్పడమంటే కోడెదూడకు గేటు తీసి కాస్త అటూ ఇటూ తిరిగి రమ్మనడమే. పద్నాలుగు కాస్తా నలభై ఆరయింది. వాడు నిద్రలో పళ్లు కొరికితే పక్కింటి గోడ బీటలు వారిందన్నాడు. కోపమొస్తే చేతిలోని గ్లాసులో నీళ్లు మరుగుతాయన్నాడు. మేడం పడీపడీ నవ్వింది. "దీన్ని ఆఫీసు భాషలో పెట్టుకుంటాలెండి," అని ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసింది. గోడ బీట 'పొరుగువారి ఆస్తికి నష్టం' అయింది. మరిగిన నీళ్లు 'ఇతరులకు గాయం చేయగల ఆవేశం' అయ్యాయి.

తొమ్మిదో గడి దగ్గర మామ ఆగాడు. 'మీకు నమ్మకంగా చెప్పిన మాట ఏదైనా ఉందా?' అన్నది ప్రశ్న. అప్పటికి ఎనిమిది కోతలు కోసి అలిసిపోయాడో, వాడి మాటే నాలుక చివర ఉందో గానీ, ఉన్నది ఉన్నట్టు రాశాడు. 'బాంబు పెట్టినవాళ్లు నాకు అర్థమవుతారు.' గడి అక్కడితో నిండిపోయింది.

"ఇది మాత్రం ముట్టుకోను, చాలా బాగుంది," అంది మేడం. పదో గడిలో ఏదో గిలికేసి, నాలుగు పేజీల చివర చూపించినచోట సంతకం పెట్టాడు మామ.

ఆర్నెల్లకు రెండో ఫారంలో పదకొండు పడ్డాయి. హాల్లో పెద్ద సభ పెట్టి తెరమీద గీతలు చూపించారు. నలభై ఆరు నుంచి పదకొండుకు జారిన గీత అన్నిటికంటే నిటారుగా ఉంది. మామను వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టారు. ఆ గీత ఎవరిదో మూడో వరసలో కూర్చున్న చెల్లెలికి తెలియదు. అన్నయ్యకు సన్మానమని ఆవిడా కొట్టింది.

ఆ వారమే మేనల్లుడికి రైలు ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం వచ్చింది. ఇక పోలీసులు మంచివాడని కాగితం ఇవ్వడమే తరువాయి. ఆ కాగితం కోసం పిలిస్తే వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. షాపులో ఎవరూ లేరు. మామ గుడ్డ దులిపి కుర్చీ చూపించాడు. వాడు కూర్చోలేదు.

"పొరుగువాళ్ల ఆస్తికి నష్టం చేశానట మామయ్యా. ఎప్పుడు చేశాను?"

మామ తనే ఆ కుర్చీలో కూలబడ్డాడు. గోడ సంగతీ, గ్లాసు సంగతీ, బీరువా సంగతీ ఏకరువు పెట్టాడు. "ఉట్టి కోతలురా అల్లుడూ. నా సంగతి నీకు తెలియనిదా?"

"తెలుసు. అవి చదువుతుంటే నాకు నవ్వొచ్చింది కూడా. ఎంత ఆఫీసు భాష పెట్టినా నీ కోతలు నేను గుర్తుపట్టలేనా?" వాడి గొంతులో కోపం లేదు, అందుకే మామకు భయమేసింది. "తొమ్మిదోది చదివి, ఈ మాట అన్నావా అని అడిగాడు పోలీసు అధికారి. అన్నానని చెప్పాను. అది నీకొక్కడికే చెప్పిన మాట."

"అది కూడా కోతేనని నేను వెళ్లి..."

"అదీ సగమే రాశావు మామయ్యా."

"గడి చిన్నదిరా," అన్నాడు మామ.

వాడు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మామ షాపు తెరిచే ఉంచి, నడుముకు గుడ్డతోనే, సంస్థ గదికి పరుగెత్తాడు. మేడం కూర్చోమంది గానీ బాబాయ్ అనలేదు. నలభై మార్కులు దాటినవాళ్ల పేర్లు పోలీసులకు తెలియజేస్తామని మూడో పేజీలో ఉందనీ, కింద సంతకం మీదేననీ చెప్పింది. బీరువా మాటో అంటే, అది మిగతావాళ్ల సంగతి, నలభై దాటుతుందని నేనేమైనా అనుకున్నానా అంది. పోనీ మొదటి ఫారం అబద్ధమని ఒక ముక్క రాసిమ్మన్నాడు మామ.

"అలా రాస్తే రెండోది కూడా అబద్ధమే అవుతుంది కదండీ. మొత్తం ఫలితాలే పోతాయి. మీవాడు మాకు అన్నిటికంటే పెద్ద విజయం. ఆ మాట కావాలంటే రాసిస్తాను."

ఆవిడ ఎదురుగా ఉన్న గోడకు వేదికమీది ఫొటో తగిలించి ఉంది. అందులో మామ ఇకిలిస్తున్నాడు.

అక్కణ్ణుంచి పోలీసాఫీసుకు వెళ్లాడు. అన్నీ కోతలేనని ఒట్టు పెట్టుకున్నాడు. అక్కడి అధికారి చాలా మర్యాదగా విన్నాడు. చిన్నప్పుడు ఆయనా మామ దగ్గరే జుట్టు కత్తిరించుకున్నాడట, పిచ్చుకల కథ ఇప్పటికీ గుర్తుందట. చివరికి ఫైలు తిప్పి తొమ్మిదో గడి మీద వేలు పెట్టాడు. ఇది కూడా కోతేనా అని అడిగాడు. కోతేనన్నాడు మామ. ఎన్నో వేల కోతలు కోసినవాడికి ఆ ఒక్కటీ గొంతు దాటేసరికి చెమటలు పట్టాయి. మరి ఆ కుర్రాడు నిజమే అన్నానని సంతకం పెట్టాడే, మీ ఇద్దరిలో ఎవరిని నమ్మమంటారు అన్నాడు అధికారి, ఫైలు మూసేస్తూ.

రైలు ఉద్యోగం జాబితాలో తర్వాతివాడికి పోయింది. చెల్లెలు అన్నయ్యతో మాటలు మానేయలేదు. ఎదురైతే బాగున్నావా అంటుంది. అంతవరకే అంటుంది.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న మేనల్లుడు వీధి మొదట్లో కనిపించాడు. జుట్టు చెవులమీదికి దిగి ఉంది. మామ, కుర్చీలో ఉన్న ముసలాయన తల సగంలో వదిలేసి, రెండో కుర్చీ మీది దుమ్ము తుడిచి, ఉతికిన గుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. వాడు షాపు ముందుదాకా వచ్చి, అడుగు తడబడకుండా వీధి దాటి తాళంకప్ప షాపులోకి వెళ్లాడు.

మామ వెనక్కి తిరిగి కత్తెర అందుకున్నాడు. అద్దంలో ఎదురు షాపు మొత్తం కనిపిస్తుంది. ఇన్నేళ్లూ అందులో చూస్తూనే తాళంకప్ప గిరాకీని లెక్కపెట్టి నవ్వుకున్నాడు.

"ఆ పిచ్చుకల కథేదో చెప్పవయ్యా, మా మనవడు వినలేదు," అన్నాడు ముసలాయన, పక్కనున్న పిల్లాణ్ణి చూపిస్తూ.

మామ వినిపించుకోలేదు. అద్దంలో మేనల్లుడు మెడ వంచి కూర్చున్నాడు. బుగ్గలకు నురగ ఉంది. వాడి పెదవులు కదులుతున్నాయి. తాళంకప్ప కత్తి పక్కన పెట్టి వింటున్నాడు.