వెనక నిలబడే మనిషి

మా షెడ్డులో బాగైన కారు గేటు దాటాలంటే ముందొక మాట వినపడాలి. నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు మెల్లగా తొక్కుతాడు. కారు వెనక నిలబడ్డ మనిషి "వెలిగింది" అనాలి. కాలు తీస్తే "ఆరింది" అనాలి. ఏ పని మీద వచ్చిన కారైనా సరే, ఈ రెండు మాటలూ వినకుండా నాన్న తాళం ఇవ్వడు. తొక్కేవాడికి తన వెనకున్న లైటు కనపడదు కాబట్టి, నమ్మకమైన మనిషినే అక్కడ నిలబెట్టాలంటాడు.

డిక్కీ అంత ఎత్తు కూడా లేని రోజుల నుంచీ ఆ మనిషిని నేనే. పెళ్ళయ్యాక పక్క వీధిలోనే కాపురం పెట్టి, పొద్దున్నే వచ్చి షెడ్డు తలుపులు తీసేదాన్ని. తమ్ముడు బస్సు నడుపుతాడు, వాడికి ఈ గ్రీజు గొడవ పట్టదు. వాడి పెళ్ళాం మాత్రం ఇంట్లో ఏమీ తోచట్లేదని షెడ్డుకొచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే నాన్న నోట "కోడలా, వెనక్కి రా" అన్న మాట విన్నాను.

కొత్తొక వింత, పాతొక రోత. పోనీలే అనుకోవాల్సింది, అనుకోలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె "వెలిగింది మామయ్యా" అని రాగం తీసినప్పుడల్లా చేతిలో స్పానరు నేలకేసి కొట్టాలనిపించేది. ఆమె ఏదైనా అడిగితే ఇచ్చేదాన్నే, కాకపోతే వినపడనట్టు ఒక్క క్షణం ఆగి ఇచ్చేదాన్ని. పైగా నాన్నకి కంటి ఆపరేషన్ దగ్గర పడింది. ఆ తర్వాత ఆయన బదులు సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్ళ మాట మీదే షెడ్డు నడుస్తుంది. అదీ మరదలికే పోతుందేమోనని నాకు తిండి సయించేది కాదు.

నాన్న కంటి డాక్టరు దగ్గరికెళ్ళిన పూట లెక్కల మాస్టారు కారు తెచ్చాడు.

"బ్రేకు బాగానే పడుతోందమ్మా. వెనక లైట్లే రావట్లేదు. నిన్న ఒక వ్యాను కొంచెంలో గుద్దేసేది."

అన్ని లైట్లూ ఒకేసారి పోయాయంటే బల్బుల తప్పు కాదు. అయినా చూశాను, బాగున్నాయి. ఫ్యూజూ బాగుంది. ఇక మిగిలింది బ్రేకు పెడలు పైన ఉండే స్విచ్చి. బొటనవేలంత ఉంటుంది. కాలు పెట్టనంతసేపూ పెడలు దాని పుల్లని నొక్కిపెట్టి ఉంచుతుంది. పెడలు దిగగానే పుల్ల బయటికొస్తుంది, లైట్లు వెలుగుతాయి. స్టీరింగు కింద తలకిందులుగా దూరి, స్విచ్చి తీగలు ఊడదీసి, రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలిపాను. బయటికొచ్చి చూస్తే వెనక లైట్లు ఎర్రగా వెలుగుతున్నాయి. దొంగ దొరికాడు.

కొత్త స్విచ్చి బిగించడం చిటికెలో పని. అసలు పని ఆ తర్వాతే. దాన్ని మరీ లోపలికి తోస్తే పెడలు సగం దిగినా లైటు రాదు. మరీ బయటికుంటే ఎప్పటికీ ఆరదు. ఒకరు మెల్లగా తొక్కుతుంటే, ఎక్కడ వెలిగిందో ఇంకొకరు వెనక నుంచి చెప్పాలి. మరదలు అక్కడే ఉంది.

"వదినా, వెనక్కి రానా?"

"అక్కర్లేదు. నువ్వా టైర్ల సంగతి చూడు."

మూలనున్న కర్ర తెచ్చి సీటుకీ పెడలుకీ మధ్య బిగించి, వెనక్కెళ్ళి నేనే చూసుకున్నాను. భేషుగ్గా వెలిగింది. కర్రకి మెల్లగా తొక్కడం రాదని నాకు తెలియక కాదు. ఆ పూట ఆ సంగతి గుర్తు చేసుకోదలచుకోలేదు.

నాన్న వచ్చాడు. కంట్లో మందు వేశారేమో, కళ్ళు చికిలిస్తూ అలవాటుగా కారు సీటు వైపు నడిచాడు.

"నేను చూసేశాను నాన్నా. వెలిగింది."

"నువ్వు చూశావుగా," అని అక్కడే ఆగి, మాస్టారికి తాళం ఇచ్చేశాడు.

మరదలు వింటుండగా ఆ మాట అన్నందుకు నేను గాల్లో తేలిపోయాను. కారు గేటు దాటింది. వీధి చివర తోపుడుబండి అడ్డొస్తే బాగా నెమ్మదించి, దాన్ని తప్పించుకుని వెళ్ళింది. మరదలు నా పక్కకొచ్చి, నాన్నకి వినపడకుండా అంది.

"వదినా, వెలగలేదు."

"ఎండలో నీకు కనపడి ఉండదు."

"మీరూ చూశారుగా."

చూశాను. ఒప్పుకుంటే సీటు తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టినట్టే. ఒప్పుకోకపోతే మాస్టారి వెనక మళ్ళీ ఏ వ్యానో వస్తుంది, అన్నిసార్లూ కొంచెంలో తప్పిపోదు. నన్నూ ఆమెనీ కలిపి తిట్టుకుంటూ స్కూటరు తీశాను. "ఎక్కు," అన్నాను.

పెద్ద రోడ్డు ఎక్కకముందే మాస్టారిని ఆపి దింపాం. నేను కింద దూరి పెడలు చేత్తో మెల్లగా నొక్కాను. మరదలు వెనక నిలబడింది.

"లేదు... లేదు... ఇంకా లేదు..." పెడలు సగం పైగా దిగింది. "ఇప్పుడు వెలిగింది."

ఆమె "లేదు" అన్నప్పుడల్లా చెంపమీద కొట్టినట్టనిపించింది. స్విచ్చి కాస్త వెనక్కి లాగాను. మళ్ళీ లేదంది. ఇంకాస్త లాగాను. ఈసారి చెయ్యి మోపానో లేదో "వెలిగింది" అంది. వదిలితే "ఆరింది" అంది. మాస్టారు నాకు కాక ఆమెకి థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

తిరిగొస్తుంటే వెనక సీటు నుంచి అడిగింది. "వదినా, ఒకటి చెప్తే కోప్పడరుగా?"

"చెప్పు."

"వచ్చినప్పటి నుంచీ నాది వెనక నిలబడి కాకిలా అరవడమే. మీరు కింద దూరి పనంతా చేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది. స్పానరు అడిగినా ఆగి ఆగి ఇస్తారు."

నవ్వు రావాలి, రాలేదు. నా చోటు లాక్కుని, ఆ చోటు బాలేదని నా దగ్గరే ఏడుస్తోంది మహాతల్లి.

షెడ్డు ముందు దిగుతూ, "మామయ్యకి చెప్పనులెండి," అంది.

అది మరీ అన్యాయం. ఈమె దయ మీద బతకడం కంటే నాన్న చేత నాలుగు చీవాట్లు తినడం నయం. లోపలికెళ్ళి కర్ర సంగతంతా నేనే చెప్పేశాను.

నాన్న చీవాట్లు పెట్టలేదు. కర్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సీట్లో నిన్నే కూర్చోబెడదామనుకున్నాను. నీకు వెనక మనిషి కావాలి కదా అని కోడలికి అలవాటు చేస్తున్నాను. నువ్వేమో దీన్ని తెచ్చుకున్నావు."

కర్ర ఆయన చేతిలోంచి తీసుకుని మూలన పడేశాను.

"ఇప్పుడూ నువ్వే కూర్చో. కానీ ఆమె నోట మాట రాకుండా తాళం ఇచ్చావని తెలిసిందో, ఆ రోజు నుంచి సీటు ఆమెది."

ఆపరేషన్ అయి నాన్న ఇంట్లో పడుకున్నాడు. షెడ్డులో బాగైన మొదటి కారెక్కి నేను కూర్చున్నాను. ఎన్నాళ్ళ నుంచో కోరుకున్న సీటు. బ్రేకు మెల్లగా తొక్కాను. అద్దంలో మరదలి చేతులు కనిపిస్తున్నాయి, మొహం కనపడట్లేదు. మాట రాలేదు. స్విచ్చి సరిగ్గా ఉందని నాకు తెలుసు, బిగించింది నేనే. అయినా పెడలు మీంచి కాలు తీయకుండా అద్దంలోకే చూస్తూ కూర్చున్నాను.

"వెలిగింది," అంది చివరికి.

ఒక్క క్షణం ఆగి అంది. అలా ఆగడం ఆమెకి నేర్పింది నేనే.