ముందు కందిలి

ఐదింటిలోపు సరైన రిపోర్ట్ పంపకపోతే హర్షిణి ఉద్యోగం ఉండదు. నాలుగు దాటింది. తెరమీద ఆటబొమ్మ మళ్ళీ చచ్చిపోయింది.

నా బిడ్డ మాదాపూర్‌లో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో చేరి ఐదు నెలలయింది. ఆట బజారులోకి రాకముందే ఆడి, ఎక్కడ తప్పుందో చెప్పడం ఆమె పని. ఈ ఆటలో అడవులు, కొండలు, ఊళ్ళు, ఎటైనా తిరగొచ్చు. వాటన్నిటి కింద చీకటి గుహలున్నాయి. ఒక గుహలోకి తాడు పట్టుకొని దిగిన మనిషి అడుగుకు చేరేలోపే కూలబడి చస్తున్నాడు. రాయి పడదు, పాము కరవదు. ఆటలో తప్పుందా, కావాలనే అట్లా పెట్టారా అన్నది తేల్చాలి. ఇదివరకు రెండుసార్లు హర్షిణి లేని తప్పును ఉందని రాసింది. మూడోసారి రాస్తే ఇక రానక్కర లేదని ఆమె పైఅధికారి మధుకర్ పొద్దున ఫోన్లో చెప్పాడు.

ఆ రోజు ఇంటినుంచే పని. గోపన్‌పల్లిలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను కానీ చేయి ఆడలేదు. లేచి వంటింట్లోకి పోయాను, వచ్చాను, మళ్ళీ పోయాను. బొమ్మ దిగుతుంటే చూడలేను. చూడకుండా ఉండలేను.

"అమ్మా, జర ఒక్కకాడ కూసో. నువ్వు తిరుగుతుంటే నాకు పరేషానైతుంది."

"వాడు దేంతోటి దిగుతున్నడే?"

"తలకు టార్చిలైటు ఉంది కదా. మస్తు వెలుగు."

"టార్చికి గాలి సంగతి ఏం తెలుస్తది? మంట లేదా నీ ఆటల?"

"కాగడా ఉంది. దాన్నెవరు వాడతరమ్మా, ముసలోళ్ళ లెక్క."

"అది వాడిన్రు కాబట్టే ముసలోళ్ళు అయ్యేదాకా బతికిన్రు. ముందు దాన్ని దించు."

హర్షిణి నవ్వలేదు. బొమ్మను సగం లోతు దించి, ఒక రాతిగట్టు మీద నిలబెట్టి, కాగడా కిందికి విసిరింది. అది మండుకుంటూ పోయి, అడుగు తాకకముందే ఆరిపోయింది. ఇంకొకటి విసిరింది. సరిగ్గా అక్కడే ఆరింది.

"గాలి," అంది మెల్లగా. "కింద చెడుగాలి పెట్టిన్రు. ఇది తప్పు కాదు."

గబగబా రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే అడిగింది. "నాన్న ఆఖరిసారి బావిల దిగినప్పుడు మంట దించలేదా?"

నా భర్త వీరేశం పూడిన బావులు తవ్వేవాడు. ఏ బావికి పోయినా కందిలి వెలిగించి, తాడుకు కట్టి, ముందు దాన్ని దించేవాడు. అది అడుగున మండుతుంటేనే తాను దిగేవాడు.

"ఆ రోజు కందిలి ఇంట్ల ఉండె," అన్నాను.

ఎందుకున్నదో ఆమె అడగలేదు. ముందురోజు రాత్రి కరెంటు పోయింది. అప్పటికి నాలుగేళ్ళ హర్షిణి చీకటికి జడుసుకుంటే, ఆయన సైకిలుకున్న కందిలి విప్పి లోపల పెట్టుకున్నాను. తెల్లారి మళ్ళీ తగిలించడం మరిచాను. ఆ రోజు బావిలో దిగిన ఆయన మళ్ళీ పైకి ఎక్కలేదు.

తెరమీద, గట్టు మీది బొమ్మమనిషి ఎగశ్వాస తీస్తున్నాడు.

"వాణ్ణి ముందు పైకి తియ్యి."

"బొమ్మనే కదమ్మా. పావుగంటే ఉంది."

"అట్లయితే ఆ డబ్బా నాకియ్యి."

ఒక్కసారి నా మొహంలోకి చూసింది. కంట్రోలర్ నా చేతిలో పెట్టి, నా బొటనవేలు ఒక మీట మీద ఉంచింది. "గట్టిగ ఒత్తి పట్టు. ఇడిస్తే జారతడు."

ఒత్తి పట్టుకున్నాను. వాడు ఒక్కొక్క మూర ఎక్కుతున్నాడు. పక్కన హర్షిణి వేళ్ళ చప్పుడు. వేలు మండుతోంది. గడియారం చూడలేదు.

"రిపోర్ట్ పోయింది," అంది చివరికి. కాసేపటికి, "మధుకర్ సార్ కరెక్టే అని పెట్టిండు. సోమవారం ఆఫీసుకు రమ్మన్నడు. ఇగ ఇడిసిపెట్టమ్మా."

"ఇంకా ఒడ్డు రాలే."

ఆమె కంప్యూటర్ మూయబోయి ఆగింది. కింద కూర్చుని చిక్కుడుకాయల చాట దగ్గరికి లాక్కుంది.