పెన్నుతో కొట్టేసిన టెస్టు

ఇడ్లీపిండి తిరుగుతుండగానే గ్రైండర్ పక్కన గోడకు ఒరిగి కునుకు తీసింది సుకుమారి.

"పట్టపగలు నిద్రేందే? ఇల్లా, సత్రమా?" అంది అత్త కామమ్మ, వీధికి వినబడేట్టు.

"టెస్టు చేయించినా గదమ్మా, నార్మల్! దాని రోగం బద్ధకం" అన్నాడు మొగుడు సురేంద్రబాబు, కుర్చీలోంచి కదలకుండానే.

ఆరు నెలలుగా ఉదయగిరిలోని ఆ ఇంట్లో ఆ ఒక్క మాటే తీర్పు. జుట్టు కుచ్చులుగా ఊడినా నార్మలే, మొహం ఉబ్బినా నార్మలే, ఎండాకాలంలో దుప్పటి కప్పుకున్నా నార్మలే. నేను నిజంగా సోమరిదాన్నేనేమో అని ఆమెకే అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం తేల్చుకోడానికే మర్నాడు చెల్లెలి ఇంటికని చెప్పి, పాత డాక్టరు చీటీ, రిపోర్టు సంచిలో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కింది.

ల్యాబులో నిరోష అనే అమ్మాయి రక్తం తీసింది. మధ్యాహ్నానికి కొత్త రిపోర్టు తెచ్చి పాతదాని పక్కన పరిచింది.

"అక్కా, అప్పుడు థైరాయిడ్‌కి టీ4 ఒక్కటే చేసినారు. అది నార్మల్ అంచున ఉండాది. ఇప్పుడూ ఆడ్నే ఉండాది. టీఎస్‌హెచ్ చెయ్యనేలేదు. చీటీలో డాక్టర్ రాసినాడు, ఎవరో పెన్నుతో కొట్టేసినారు."

ఎవరో కాదు. "రెండెందుకు, ఒకటి చాల్లే" అన్న మొగుడి గొంతు ఆమెకు గుర్తుంది. బండి సర్వీసింగుకిస్తే మాత్రం ఒక్క నట్టు కూడా వదలనివ్వడు ఆ మనిషి.

"గొంతులో గ్రంథి పని చెయ్యలేకపోతే, చెయ్యి చెయ్యి అని మెదడు దాన్ని అదిలిస్తాదక్కా. ఆ అదిలింపే టీఎస్‌హెచ్. నాలుగైదు దాటకూడదు. నీకు ఇరవై ఆరు!"

సుకుమారి పకపకా నవ్వింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. బద్ధకం కాదు! ల్యాబు పక్కనే ఉన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ రాసిన మాత్రలు కొంగులో కట్టుకుని, పరీక్ష పాసైన పిల్లలా బస్సెక్కింది.

ఇంటికి రాగానే రెండు రిపోర్టులూ మొగుడి ముందు పెట్టింది. "చూడు! నాకు జబ్బుండాది!"

"జబ్బొస్తే సంబరపడేదాన్ని నిన్నే చూసినా" అన్నాడతను.

"బద్ధకం కాదని సంబరం. కొట్టేసింది నువ్వు."

అతను నోరు తెరిచేలోపే కామమ్మ దగ్గరికొచ్చింది. కొంగు తప్పించి గొంతు తడుముకుంది. "మీ మామ పోయేదాకా నన్ను మొద్దుదనే పిలిచినాడే" అంది మెల్లగా. "నాకూ చేస్తారా ఆ టెస్టు?"

"రేపే పోదాం అత్తా!"

"ఇద్దరూ పోతే టిఫిన్ ఎవరు చేసేది?" అన్నాడు సురేంద్రబాబు.

కామమ్మ కొడుకు వైపు చూడనైనా లేదు.

"మొదటి బస్సు ఎన్నింటికే?" అని కోడల్ని అడిగింది.