మెడ నుంచి మణికట్టు దాకా

రిచెన్‌జా ఉప్పులో వేసిన చేపలు చూసుకుంటూ ఉండగా అన్న వెజెలో గుర్రం దిగి నేరుగా వంటసాలలోకే వచ్చాడు.

"మీ ఆయన బిషప్పు దగ్గరకెళ్లాడు. మీ ఇద్దరికీ వావి కుదరదట. పెళ్లి రద్దు చెయ్యమంటున్నాడు."

"ఇన్నేళ్లకి తెలిసిందా?"

"కొడుకు పుట్టుంటే ఎప్పటికీ తెలిసేది కాదులే. దిగులు పడకు. ఎల్బే నది ఒడ్డున సరిహద్దు కోట ప్రభువుకి భార్య పోయింది. మాట్లాడేశాను."

రిచెన్‌జా చేతులు కడుక్కుంది. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు.

విచారణ ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజుల్లో జరిగింది. సాక్ష్యం చెప్పడానికి మఠం నుంచి మేనత్త హదెవిగ్‌ని తీసుకొచ్చారు. ఆ వంశంలో ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరిని ఎక్కడిచ్చారో ఆమెకి నోటికి వచ్చు. తల దగ్గర మూల దంపతులు, మెడ దగ్గర తోబుట్టువులు, భుజం దగ్గర వాళ్ల బిడ్డలు, అలా వేలిగోళ్ల దాకా ఒంటి మీదే తరాలు లెక్కపెట్టడం చిన్నప్పుడు రిచెన్‌జాకి నేర్పింది కూడా ఆమే.

ముసలామె మెడ మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ గేర్‌బుర్గ, ఆమె అక్క ఊడ. గేర్‌బుర్గ మునిమనవరాలు మా పిల్ల. ఊడ మునిమనవడు ఈమె భర్త ఎగీనో ప్రభువు." ఆ చెయ్యి భుజం మీదుగా, మోచేతి మీదుగా మణికట్టు దాకా వచ్చి ఆగింది.

గేర్‌బుర్గకి అక్క లేదు. ఒక్కతే పుట్టింది. ఆ సంగతి రిచెన్‌జాకి తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

"నువ్వేమైనా చెప్పుకుంటావా తల్లీ?" అని బిషప్పు అడిగాడు.

ఎగీనో నేల చూపులు చూస్తున్నాడు. అతని బూటు అంచు నుంచి కరిగిన మంచు బొట్టుబొట్టుగా రాతి పలక మీద పడుతోంది. రిచెన్‌జా దాన్నే చూస్తూ, "ఏం లేదు స్వామీ," అంది.

పెళ్లి రద్దయింది. వావి తెలియక చేసుకున్నది కనుక బిడ్డకి దోషం లేదని, తండ్రి దగ్గరే ఉండాలని తీర్పు చెప్పారు. రిచెన్‌జా బండి ఎక్కే ముందు కూతురు హెమ్మా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకి పదకొండేళ్లు.

"నువ్వూ నాన్నా చుట్టాలైతే నేను నీకేమవుతానమ్మా?"

"కూతురివే."

"ఇంకా?"

"మేనకోడలి వరస కూడా అవుతావేమో."

"అయితే రెండు ముద్దులు బాకీ," అని నవ్వింది పిల్ల. రిచెన్‌జా రెండూ పెట్టింది. తన పెదవులు తనవి కానట్టున్నాయి.

మఠం దాకా మేనత్త అదే బండిలో వచ్చింది. ఊరు దాటాక ఆమే అడిగింది.

"నీకు తెలుసుగా."

"తెలుసు."

"మరి నోరెత్తలేదేమే? దొంగసాక్ష్యం శిక్ష నుంచి నన్ను కాపాడదామనా?"

రిచెన్‌జా నిజంగానే ఆలోచించింది. "కాదత్తా. ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలనిపించలేదు. అలాగని ఎక్కడికీ వెళ్లాలనీ లేదు."

ముసలామె గొర్రెతోలు దుప్పటి తీసి మేనకోడలి మోకాళ్ల మీద కప్పింది.

కొత్త భర్త, సరిహద్దు కోట ప్రభువు డీట్‌మార్ మెత్తటి మనిషి, చెవిటివాడు. తనకంటే పెద్దవాళ్లయిన అతని కొడుకులు రిచెన్‌జాని "పిన్నిగారూ" అని పిలిచేవారు, నవ్వాపుకుంటూ. ఆమె ఆ కోటలో అన్నీ సరిగ్గానే నడిపించింది.

మరుసటేడు చలికాలం మొదట్లో ఉప్పు వర్తకుడొకడు పడమటి కబుర్లు తెచ్చాడు. ఎగీనో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొన్నే బిడ్డ పుట్టింది.

"మళ్లీ ఆడపిల్లేనండీ," అన్నాడు. దాసీలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. "తగిన శాస్తి," అంది ఒకతి.

"పేరేం పెట్టారు?" అని అడిగింది రిచెన్‌జా.

వర్తకుడు తెల్లబోయాడు. "పేరా? తెలీదండీ. అక్కడెవరూ అనుకోగా వినలేదు."

ఆమె తల ఊపింది. అతనికి వేడి గంజి పోయించమని చెప్పి, భర్తకి తొడగాల్సిన ఉన్ని మేజోళ్లు తీసుకుని పైకి వెళ్లింది.