పంతొమ్మిదో గింజ

చిక్కుడు గింజలు ఏరడం పెద్ద విద్యేమీ కాదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పుచ్చువి అవతల పారేసి, మంచివి ఇవతలికి లాక్కోవడమే. ఆ సిస్టర్ జీవితంలో ఎన్ని గింజలు ఏరిందో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఆ పూట ఏరుతున్నవి వండడానికి కాదు, ఓట్లు వెయ్యడానికి. తెల్లవి పంతొమ్మిది, నల్లవి పంతొమ్మిది. ఒకటి లావు, ఒకటి సన్నం కాకుండా, అన్నీ ఒక్క తల్లి బిడ్డల్లా ఉండాలి.

ఆ కన్యాస్త్రీల మఠంలో అది మొదట్నుంచీ ఉన్న పద్ధతి. మఠం పెట్టిన అమ్మల్లో సగం మందికి చదవడం, రాయడం రాదట. అందుకని గింజలు పెట్టుకున్నారు. తెల్ల గింజ అంటే సరే, నల్ల గింజ అంటే వద్దు. తలా ఒక చిన్న గిన్నె, అందులో రెండు రంగులూ ఒక్కొక్కటి. ఏది వెయ్యాలనుకుంటే అది గుప్పిట్లో దాచి ఓటు పెట్టెలో వెయ్యాలి, మిగిలింది పక్క పెట్టెలో పడెయ్యాలి. ఇప్పుడు అందరి దగ్గరా కంప్యూటర్లు ఉన్నా, ఆరేళ్ళకోసారి మహాసభ జరిగినప్పుడు మాత్రం గింజలే. వాటిని ఏరి ఇవ్వడం, ఓటయ్యాక సంచుల్లో తిరిగొచ్చినవాటిని లెక్కపెట్టి మళ్ళీ సీసాలో పొయ్యడం వంటింటి పని.

వంటిల్లంటే ఆవిడే. పద్దెనిమిదేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు అరవై ఆరు. అందరూ జావ సిస్టర్ అంటారు. అసలు పేరు ఆవిడకే తడుముకుంటే గానీ గుర్తురాదేమో. ఇంటి గడప దాటేటప్పుడు వాళ్ళ వదిన తలుపు పట్టుకుని నిలబడి, "మూడు పూటలా తిండి పెడతారంట. నోరెత్తకుండా పడి ఉండమ్మా. తిరిగొచ్చావంటే మీ అన్నయ్య తలెత్తుకోలేడు" అంది. ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. ఇక్కడికొచ్చాక, కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చే మదర్ ఆవిడ అరచేతులు తిరగేసి చూసి, చదువు ఐదో తరగతని విని, "నీకు వంటిల్లు" అంది. రెండేళ్ళ తర్వాత ధైర్యం చేసి, నర్సు పని నేర్చుకుంటానని అడిగింది. "గరిటెకి అభిప్రాయాలుండవు సిస్టర్" అంది శిక్షణ మదర్. కోపంగా కూడా అనలేదు. పొయ్యి కట్టెయ్యమని చెప్పినంత మామూలుగా అంది.

అంతే. ఆ తర్వాత నలభై ఆరేళ్ళు ఆవిడ ఏదీ అడగలేదు. జ్వరమొచ్చినా ముక్కుతూ లేచి పాలు కాచింది. మోకాళ్ళు అరిగిపోయాయి. చదువుకున్న సిస్టర్లు ఒకరినొకరు మీరు అనుకుంటారు. ఈవిడ దగ్గరికొచ్చేసరికి ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు కూడా నువ్వు అంటారు. దానికి ఎవర్నీ తప్పుపట్టలేదు. భయం ఒక్కటే ఆవిడ ఆస్తి. పొద్దున లేవగానే భయం, గంట మోగితే భయం, ఎవరైనా "సిస్టర్, ఒక్క మాట" అంటే భయం.

అలాంటిదాన్ని మహాసభకి ప్రతినిధిని చేసి కూర్చోబెట్టారు. పదవులు లేని సిస్టర్లందరూ కలిసి ఒకరిని ఎన్నుకోవాలని నియమం. ఎవరితోనూ పేచీ లేని మనిషి ఎవరా అని చూస్తే ఈవిడ కనిపించింది. కార్యదర్శి సిస్టర్ కాగితం మీద పేరు రాసుకుంటూ, "మంచిదే, సభలో టీకి ఇబ్బంది ఉండదు" అంది. అందరూ నవ్వారు. తను నవ్వకపోతే బాగోదని ఆవిడ కూడా నవ్వింది.

మొదటి రోజు తలుపు పక్క కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. పది గంటలకి కార్యదర్శి సిస్టర్ దూరం నుంచి ఇలా చూసి, చెయ్యి కప్పులా వంచి పెదాల దగ్గర పెట్టి చూపించింది. టీ అన్నమాట. ఈవిడ లేచి వెళ్ళింది. ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి ఓటు అయిపోయింది.

"నీ గింజ కూడా నేనే వేసేశాలే" అంది కార్యదర్శి సిస్టర్ కప్పు అందుకుంటూ. "తెల్లదే వేశా. ప్రార్థన ఒక అరగంట ముందుకి జరిపితే నీకేం అభ్యంతరం ఉంటుంది?"

"మంచి పని చేశారు సిస్టర్" అంది ఈవిడ. మనస్ఫూర్తిగానే అంది. ఆ అమ్మాయి చెడ్డదేమీ కాదు. సభ గది మెట్లు దిగి, ఎక్కి, మోకాళ్ళు పట్టుకుని వచ్చే ముసలిదాని శ్రమ తప్పించానని నిజంగానే అనుకుంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఖాళీ కుర్చీ వైపు ఎవరూ చూడలేదు. టీ పెట్టే మనిషి కుర్చీ ఖాళీగా ఉండక ఏముంటుంది?

నాలుగో రోజు అసలు సంగతి వచ్చింది. మఠాన్ని నడిపే పెద్ద మదర్ లేచి నిలబడి, రాబోయే కాలంలో మఠం ఏ దారిన నడవాలో చెప్పడం మొదలుపెట్టింది. కొత్తగా చేరేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళలో యాభై దాటనివాళ్ళు తొమ్మిది మందే. ఈ పాత ఇంటిని పట్టుకుని ఎన్నాళ్ళు వేళ్ళాడతాం? ఇక్కడ బయటివాళ్ళ కోసం శిక్షణ కేంద్రం పెడదాం, చిన్నవాళ్ళని కొత్త ఊళ్ళకి పంపుదాం. పై అంతస్తులో మంచాన పడి ఉన్న ఏడుగురు పెద్ద సిస్టర్లని, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, తలా ఒక వృద్ధాశ్రమంలో చేరుద్దాం. గొంతులో కాఠిన్యం లేదు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది కూడా. అక్కడిదాకా వినేసరికి కార్యదర్శి సిస్టర్ చెయ్యి కప్పులా వంగింది. ఈవిడ లేచి వెళ్ళింది.

వెళ్ళిందే గానీ పాలు ఎప్పుడు పొంగాయో తెలియలేదు. పై అంతస్తు ఏడుగురిలో కిటికీ పక్క మంచం శిక్షణ మదర్‌ది. తొంభై ఒకటి నడుస్తోంది. మనుషుల్ని గుర్తుపట్టదు. ఎవరు చెంచా పెట్టినా పెదాలు బిగించేస్తుంది. ఒక్క జావ సిస్టర్ పెడితేనే తింటుంది. ఎందుకంటారా? ఈవిడ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పాతరోజుల్లో కొత్తపిల్లలు అడిగినట్టే, "మదర్, అనుమతి ఇస్తారా?" అంటుంది. ఆ ముసలి మొహంలో ఎక్కడో దీపం వెలిగినట్టవుతుంది. తలూపి నోరు తెరుస్తుంది. పోయిన చలికాలం ఈవిడ జ్వరంతో రెండు రోజులు పడుకుంటే, ఆ రెండు రోజులూ మదర్ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మిగతావాళ్ళకి చెప్పి చూసింది, ఇలా అడగండమ్మా అని. "చిన్నపిల్లల ఆటలా ఉంది" అని, నిలబడే అడిగారు. నిలబడి అడిగితే ఆ తల ఊగదు. మరి తెలియని ఊళ్ళో, తెలియని వాళ్ళు, జీతానికి పనిచేసే వాళ్ళు, ఎవరు మోకాళ్ళ మీద కూర్చుంటారు?

మధ్యాహ్నం కార్యదర్శి సిస్టర్ సంచులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నెగ్గిందా సిస్టర్?" అని అడిగింది ఈవిడ.

"నెగ్గింది. ఇలాంటి పెద్ద విషయాలకి రెండుసార్లు ఓటు వెయ్యాలి కదా, రేపు ఇదే టైముకి ఇంకోసారి. ఆ తర్వాత ఖాయం." కొంచెం ఆగి, "నువ్వు కూడా ఇంక విశ్రాంతి తీసుకోవచ్చు. నీ పేరూ ఆ జాబితాలో ఉంది. ఎనిమిదో పేరు" అంది, శుభవార్త చెప్పినట్టు.

"నా గింజ..."

"వేసేశాలే. ఎప్పట్లాగే."

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక ఓటు పెట్టె సంచి విప్పి బల్ల మీద గుమ్మరించింది. తెల్లవి పది. నల్లవి తొమ్మిది. తప్పు లెక్కపెట్టానేమోనని వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ మళ్ళీ లెక్కపెట్టింది. పది, తొమ్మిది. బంగాళదుంపల బస్తా మీద కూలబడిపోయింది. ఆ పది తెల్లగింజల్లో ఒకటి తనది. తను పాలు కాస్తూ ఉండగా, తన చేత్తో ఏరిన గింజే, తన పేరు మీద వెళ్ళి, శిక్షణ మదర్‌ని మంచంతో సహా గుమ్మం దాటించింది. తననీ దాటించింది.

ఇంతకీ ఆవిడ భయం దేనికో చెప్పాలి. జాబితాలో పేరున్నందుకు భయం ఉంది, నిజమే. పొయ్యి లేనిచోట ఈ చేతులతో ఏం చేసుకుంటుంది? కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పుట్టింది. రేపు లేవకుండా కుర్చీలోనే కూర్చుంటే చాలు. అంతకుమించి చెయ్యాల్సిందేమీ లేదు. అది చాలని తెలిసిపోయింది. తెలియకపోయినా బాగుండును. చేతగానితనంలో ఒక సుఖం ఉంది, మన చేతుల్లో లేదులే అనుకుని కళ్ళు తుడుచుకోవచ్చు. ఇప్పుడు చేతుల్లో ఉంది. పెద్ద మదర్ ఏమంటుంది? విధేయతకి మాట ఇచ్చిన మనిషి కదా తను, ఆ మాట తప్పినట్టా? పంపించేస్తే? వదిన పోయి పదేళ్ళయింది, అయినా ఆ తలుపు పట్టుకునే నిలబడి ఉంది.

సాయంత్రం జావ గిన్నె పట్టుకుని పైకెళ్ళింది. మంచం పక్కన కూర్చుంటే మోకాళ్ళు చిటపటలాడాయి. ఎప్పుడూ అడిగేది అడగలేదు.

"మదర్" అంది నెమ్మదిగా, "ఒక్కసారి కాదు అనడానికి అనుమతి ఇస్తారా?"

ముసలావిడ కళ్ళు కిటికీలోంచి ఇటు తిరిగాయి. దీపం వెలిగింది. తల ఊగింది. పెదాలు విడిపోయాయి, నోరు తెరుచుకుంది, తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

జావ కోసం. అది అవుననడం కాదు, కాదనడం కాదు. ఆకలి. గరిటెకి అభిప్రాయాలుండవన్న నోరే అది, గరిటె కోసం పక్షిపిల్ల నోరులా తెరుచుకుని ఉంది. చెంచా అందిస్తూ ఉంటే ఈవిడకి తెలిసొచ్చింది. అనుమతి ఇచ్చేవాళ్ళు ఇంక ఎవరూ లేరు. పైనా లేరు, కిందా లేరు. ఈ వయసులో మొదటిసారి ఒంటరిదాన్నైపోయాననిపించింది.

మర్నాడు పొద్దున గింజలు ఏరింది, కడిగింది, తుడిచింది. టీకి నీళ్ళు మాత్రం పొయ్యి మీద పెట్టలేదు. తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. గోడ గడియారం పది చూపించింది. చెయ్యి కప్పులా వంగింది. ఈవిడ తన ఒళ్ళోకి చూసుకుంది. కప్పు ఇంకోసారి వంగింది. చివరికి కార్యదర్శి సిస్టరే లేచి వచ్చింది, చేతిలో రెండు గిన్నెలు, ఒకటి తనది, ఒకటి ఈవిడది.

"టీ టైమైంది" గుసగుసగా అంది.

"తెలుసు సిస్టర్."

"మరి?"

"ఓటయ్యాక పెడతాను."

"అయ్యో, నేను వేస్తాను కదా! నువ్వెళ్ళు, అందరూ పొద్దుట్నుంచి గొంతులు ఎండి కూర్చున్నారు."

ఈవిడ చెయ్యి చాపింది. అంతే చేసింది. అరచేతి మీద కాలిన మచ్చలన్నీ పైకి కనబడుతున్నాయి. ఆ చేతికేసి, ఆ మొహంకేసి చూసి, కార్యదర్శి సిస్టర్ గిన్నె అందులో పెట్టింది.

వరసలో చివరిది ఈవిడే. కుర్చీ నుంచి పెట్టె దాకా పదడుగులు. పైకి నలభై ఎనిమిదేళ్ళు ఎక్కిన మెట్లన్నీ కలిపినా అంత దూరం ఉండవు. గుప్పిట విప్పింది. గింజ పడిన చప్పుడు తనకి ఒక్కదానికే పిడుగులా వినిపించింది.

పెద్ద మదర్ అందరి ముందూ పెట్టె గుమ్మరించి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"తెల్లవి తొమ్మిది" అంది. "నల్లవి పది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న పది తెల్లవి. ఒక్క రాత్రిలో ఒకరి మనసు మారింది. ఎవరని అడగను, రహస్యం రహస్యమే. కానీ నిన్న దేవుడి ముందు ఒక మాట, ఇవాళ ఒక మాట..." అంటూ చూపు వరస వెంబడి నడిపించి, ఆ చివర కూర్చున్న, అందరికంటే చిన్న సిస్టర్ దగ్గర ఆపింది. నిన్న చర్చలో ఆ పిల్ల కొంచెం తటపటాయించిందట. పాపం, మొహం కందిపోయింది.

"నేను కాదు మదర్. నిజంగా నేను కాదు" అంది.

కార్యదర్శి సిస్టర్ కాగితాల్లోకి తల వంచేసింది. చెవులు ఎర్రబడ్డాయి. జావ సిస్టర్‌కి అర్థమైంది, నోరు మూసుకుంటే తనని ఎవరూ పట్టుకోలేరు. గింజ మీద పేరుండదు. నిమ్మళంగా వెళ్ళి టీ పెట్టుకోవచ్చు. పై అంతస్తు పై అంతస్తులాగే ఉంటుంది. ఆ పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది, అంతే కదా. తను ఏడవలేదా? గరిటె పట్టుకున్న మొదటి ఏడాదంతా ఏడ్చింది.

కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మోకాళ్ళు టకామన్నాయి. పద్దెనిమిది తలలు ఇటు తిరిగాయి. టీ పెట్టడానికి లేచిందనుకున్నారు.

"ఎవరి మనసూ మారలేదు మదర్" అంది. "నిన్న ఓటప్పుడు నేను వంటింట్లో ఉన్నాను."