నల్లా

భూపాలపల్లి సహకార కాలనీలో నీళ్లు వదిలే పని ఆగయ్యది. పన్నెండేళ్లుగా బండ ఎత్తడం, వాల్వు తిప్పడం, మళ్లీ బండ మూయడం. ఏ బండ కింద ఏ వీధి వాల్వు ఉందో కాగితం మీద ఎక్కడా లేదు, అంతా అతని తలలోనే ఉంది. జీతం అంతంత మాత్రమే, కాని ట్యాంకు పక్కన ఒక గది ఇచ్చారు. భార్య అంజమ్మతో, పదో తరగతి చదివే కూతురు శశికళతో అందులోనే ఉంటున్నాడు. అది పోతే వాళ్లకు వేరే నీడ లేదు.

కాలనీ సెక్రటరీ ఉపేందర్‌కు అతణ్ణి చూస్తేనే ఒళ్లు మంట. ఉపేందర్ పుట్టింది ఈ పక్క కేసముద్రంలోనే. నాలుగేళ్లు విజయవాడలో ఉద్యోగం చేసొచ్చి, పుట్టిన ఊరి మాటను నోట్లోంచి ఊడ్చి పారేశాడు మహానుభావుడు. ఆగయ్య "నల్లా ఇడిసిన సార్" అన్నప్పుడల్లా పదిమంది ముందు వెక్కిరించేవాడు.

"నల్లా ఏంటయ్యా, తెల్లా ఏంటి? కుళాయి అనలేవా?"

అందరూ నవ్వేవారు. ఆగయ్య గది గుర్తొచ్చి తల దించుకునేవాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. ఒకనాడు పొద్దున్నే అందరికీ నీళ్లు వదిలి, ఆగయ్య చౌరస్తాలో సమ్మె టెంటు కింద కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి పెట్టె, మంచం, బియ్యం సంచి రోడ్డు మీద ఉన్నాయి. గదికి కొత్త తాళం.

"నీకు రాష్ట్రం కావాలి కదా. పో, తెచ్చుకో" అన్నాడు ఉపేందర్.

ఆగయ్య కుటుంబం టెంటు వెనక సామాన్లు దించుకుంది. అక్కడ కాలనీలో కొత్తగా పెట్టుకున్న మనిషి మర్నాడు బండలన్నీ ఎత్తాడు. పెద్ద వాల్వు ఉల్టా తిరుగుతుందని వాడికేం తెలుసు? తెరుస్తున్నాననుకుని బిగించేశాడు. మూడు రోజులు చుక్క నీరు లేదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని సెక్రటరీ ఇంటి మీదికే వెళ్లారు.

నాలుగో రోజు ఉపేందర్ టెంటు దగ్గరికొచ్చాడు.

"ఆగయ్యా, వచ్చి కుళాయి వదులు."

"కుళాయంటే ఏంది సార్? నాకు సమజ్ గాలే."

టెంటులో వాళ్లంతా ఇటే చూస్తున్నారు. ఉపేందర్ పళ్లు కొరికాడు.

"ఆటలాడకు. పొద్దటిసంది మా అవ్వకు తాగ నీళ్లు లెవ్వన్నా. జర నల్లా ఇడువు."

ఏమన్నాడో అన్నాకే అతనికి తెలిసింది. ముఖం కందగడ్డ అయింది. ఎవరూ నవ్వలేదు.

"గిప్పుడు సమజైంది" అన్నాడు ఆగయ్య. "అవ్వకు బిందె నీళ్లు అంజమ్మతోని పంపుత. నల్లా మాత్రం, నువ్వు తాళం తీసి మా సామాన్లు లోపల పెట్టినంకనే."

ఉపేందర్ వంగి పెట్టె ఎత్తుకున్నాడు.

ఆగయ్య చెయ్యి వెయ్యలేదు.