పేర్లు రాసిన రంజన్లు

నలభై ఎనిమిది సెప్టెంబరులో, నిజాం మీదికి ఇండియా మిలటరీ వచ్చిన రోజుల్లో, ఇక్బాలున్నీసా మేనమామలిద్దరూ బీదర్ వైపు ఓ పల్లెలో హతమయ్యారు. తుపాకి పట్టినవాళ్లు కారు, మగ్గం నేసుకునేవాళ్లు. దాహం దాహమంటూ పోయారని ఇక్బాలున్నీసా తల్లి బతికున్నన్నాళ్లూ చెప్పేది.

ఫలక్‌నుమాలో తమ గల్లీ చివర వాళ్ల పేర్లతో ఓ రాయి నిలబెడతానని ఇక్బాలున్నీసా మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది. కుదరదన్నారు. పోనీ నలుగురం కూర్చుని తలుచుకుంటామంటే పోలీసులూ ఒప్పుకోలేదు.

"పాత పుండ్లు గెలుకుడు ఎందుకమ్మా? లొల్లి అయితది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఈ సెప్టెంబరులో ఓ పొద్దున ఆమె గుమ్మం ముందు రెండు మట్టి రంజన్లు పెట్టి, నీళ్లు నింపి, సుద్దముక్కతో వాటిమీద మేనమామల పేర్లు రాసింది. దారినపోయేవాళ్లు తాగుతారు, పేరు చదువుతారు. అంతే చాలనుకుంది.

ఎదురింటి గోదా వచ్చి నిలబడింది. "వీళ్లెవరు ఖాలా?"

ఇక్బాలున్నీసా చెప్పింది. గోదా గొంతు తగ్గించింది.

"మా ముత్తాతను గూడ గా ఏడాదే చంపిన్రు. రజాకార్లు. మా ఇంట్ల ఎవ్వరం గా ముచ్చట తియ్యం. నేను గూడ ఒక రంజన్ పెట్టొచ్చా?"

రజాకార్లు చంపినవాళ్ల మాట ఇక్బాలున్నీసా ఇంట్లోనూ ఎన్నడూ ఎత్తినవాళ్లు లేరు. ఆమె సుద్దముక్క గోదా చేతిలో పెట్టింది.

"నువ్వే రాయి బేటీ."

మధ్యాహ్నం జీపు వచ్చింది. "పర్మిషన్ లేదని చెప్పిన కదా! తియ్యిండ్రి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నీళ్లు తాపేందుకు పర్మిషన్ ఏంది బేటా?"

"నీళ్లకు కాదమ్మా, పేర్లకు."

రంజన్ ఎత్తబోయిన కానిస్టేబుల్ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "సార్, గటు చూడుండ్రి."

గోదా ఎవరెవరికి చెప్పిందో ఏమో, గల్లీ పొడుగునా గుమ్మం గుమ్మానికీ నీళ్లున్నాయి. రంజన్లు, ఇత్తడి బిందెలు, ఆఖరికి పెయింటు డబ్బాలు. అన్నిటిమీదా తెల్లటి రాతలే, ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని. ఇన్‌స్పెక్టర్ ఆ వరసంతా చూసి, వదిలెయ్యమని కానిస్టేబుల్‌కు సైగ చేసి జీపెక్కాడు.

ఇక్బాలున్నీసా గోడ పట్టుకుని మెల్లగా నడిచింది. పుట్టినప్పటినుంచీ తిరుగుతున్న గల్లీ ఇది. ఇంతమంది చనిపోయినవాళ్లు ఈ తలుపుల వెనకే ఉన్నారా? ఒక్కరి గురించీ తను అడగలేదు, తననూ ఎవరూ అడగలేదు.

ఒక బిందెమీద పేరు లేదు. 'మా నానమ్మ చెల్లె' అని మాత్రం రాసి ఉంది. పక్కన గడపమీద ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన పక్కనే చతికిలబడింది.

"చెప్పు భాయ్," అంది. "ఎట్లుండెనట ఆమె?"